ఏప్రిల్లో అరిజోనా, యూటా: మ్యాపులో నారింజ రంగు చూసి స్వెట్టర్లు ఇంట్లో వదిలేయకండి

ఏప్రిల్ రెండో వారంలో అమ్మానాన్నలతో ఫీనిక్స్ నుంచి కారులో బయల్దేరి గ్రాండ్ కాన్యన్, పేజ్, జయాన్, బ్రైస్, మోయాబ్ చూసి వస్తామంటున్నారు. రాబోయే మూడు నెలల వాతావరణ అంచనా (ఔట్‌లుక్)లో ఈ ప్రాంతమంతటికీ వేడి మ్యాపులో నారింజ రంగు, వాన మ్యాపులో గోధుమ రంగు ఉంది కాబట్టి ఇక చలి, వాన బెడద లేనట్టేనా అని అడిగారు. బెడద ఉంది. ఆ మ్యాపు చూసి ఆ వారం సామాను సర్దుకోలేం. మీరు నిలబడ్డ చోటు ఎంత ఎత్తులో ఉంది, ఆ వారం ఏ గాలి దాటిపోతోంది అన్నవే మీ రోజును తేలుస్తాయి.

ముందు మ్యాపు సంగతి. దీన్ని ఇచ్చేది అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ నోవా కింద పనిచేసే క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్. ప్రతి నెలా మూడో గురువారం కొత్తది విడుదలవుతుంది. 1991 నుంచి 2020 వరకు వచ్చిన ముప్పై వసంతాలను వేడిని బట్టి వరసగా పేర్చి మూడు భాగాలు చేస్తారు: చల్లనివి పది, మధ్యరకం పది, వెచ్చనివి పది. ఎటూ మొగ్గు లేకపోతే ఒక్కో భాగానికి 33 శాతం. నారింజ రంగు మీద 45 అని ఉంటే, రాబోయే వసంతం వెచ్చని పదింటి కోవలో చేరడానికి 45 శాతం, మధ్యరకం కావడానికి 33, చల్లనిది కావడానికి 22 అని లెక్క. అంటే వెచ్చని కోవలో చేరకపోవడానికే 55 శాతం అవకాశం మిగిలి ఉంది. రంగు ముదిరేకొద్దీ పెరిగేది వాళ్ల నమ్మకం, ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో ఆ రంగులో ఉండదు. తెల్లగా వదిలేసిన చోట వాతావరణం మామూలుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఎటు మొగ్గుతుందో చెప్పలేమన్నదే ఆ తెలుపుకి అర్థం.

పైగా అది తొంభై రోజుల సగటు. బ్రైస్‌లో మూడు రోజులు మంచు పడి, మిగతా ఎనభై ఏడు రోజులు కాస్త వెచ్చగా గడిచినా ఆ వసంతం "వెచ్చనిది" ఖాతాలోకే వెళ్తుంది. ఆ మూడు రోజులు మీ సెలవుల్లో పడ్డాయా లేదా అన్నదే మీకు కావలసింది. ఈ నైరుతి రాష్ట్రాల మీద నారింజ రంగు తరచుగా కనిపించడానికి పెద్ద కారణం, ఇక్కడి వాతావరణం పాత ముప్పై ఏళ్ల సగటు కంటే వేడెక్కిపోవడం. అందుకే వేడి మ్యాపుని కొంత నమ్మవచ్చు. వాన మ్యాపు దానికంటే బలహీనం. లా నీన్యా (పసిఫిక్ సముద్రం మధ్యభాగం మామూలు కంటే చల్లబడటం) ఉంటే తుఫానుల దారి ఉత్తరానికి జరిగి అరిజోనా, న్యూ మెక్సికో పొడిబారతాయన్నది స్థూలంగా నిజమే. కానీ పొడి వైపుకీ తడి వైపుకీ మధ్య గీత సరిగ్గా యూటా మీదుగా పోతుంది. 2022-23 శీతాకాలాన్నే చూడండి. వరసగా మూడో లా నీన్యా. కాలిఫోర్నియాకీ నైరుతికీ పొడి మొగ్గు అన్నారు. తీరా 2023 ఏప్రిల్ వచ్చేసరికి యూటా కొండల మీద మంచులోని నీరు రాష్ట్ర సగటున 30 అంగుళాలకు చేరి, 1983 నాటి 26 అంగుళాల రికార్డుని దాటింది. అటు 2015-16లో దానికి వ్యతిరేకమైన ఎల్ నీన్యో బలంగా ఉండి కూడా దక్షిణ కాలిఫోర్నియాకి ఆశించిన వానలు రాలేదు. ఔట్‌లుక్ ఇచ్చినవాళ్లని తప్పుపట్టక్కర్లేదు. మొగ్గు అన్నారే గాని మాట ఇవ్వలేదు.

ఇక ఎత్తు. మీ దారిలో ఫీనిక్స్ 1,100 అడుగులు. ఐ-17 మీద రెండు గంటల పైన నడిపితే ఫ్లాగ్‌స్టాఫ్, 7,000 అడుగులు. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ కూడా 7,000. పేజ్ 4,300, జయాన్ లోయ అడుగు 4,000, బ్రైస్ అంచు 8,000 నుంచి 9,000 దాకా, మోయాబ్ మళ్లీ 4,000. పొడి గాలిలో మధ్యాహ్నం పూట ప్రతి వెయ్యి అడుగులకు 5 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే తగ్గుతుంది. మబ్బు, తడి ఉన్న రోజున 3 లేదా 3.5. ఏప్రిల్ సగటులు చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సౌత్ రిమ్ మీద పగలు 60, తెల్లవారుజామున 32 (ఇక్కడి అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). అదే రోజు కింద, 2,500 అడుగుల ఎత్తులో నది పక్కనున్న ఫాంటమ్ ర్యాంచ్ దగ్గర పగలు 82, రాత్రి 56. ఫీనిక్స్‌లో 85 దాటుతుంది. బ్రైస్‌లో పగలు 55 ప్రాంతం, రాత్రి 25 నుంచి 30 మధ్య, అంటే నీళ్లు గడ్డకట్టే చలి. ఈ ప్రయాణంలో ఒకే రోజు ఏసీ, హీటర్ రెండూ వేయాల్సి రావడం మామూలే. రాత్రిళ్లు మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. చల్లటి గాలి బరువుకి పల్లంలోకి దిగి నిలిచిపోతుంది కాబట్టి వాగు పక్కన వేసిన టెంటు, వంద అడుగుల పైన గట్టు మీద వేసిన టెంటు కంటే చల్లగా ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ దృష్టి పెట్టాల్సింది గాలి మీద. ఈ ప్రాంతంలో సంవత్సరం మొత్తంలో గాలి ఎక్కువుండేది వసంతంలోనే. పైన చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి ప్రవాహం, జెట్ స్ట్రీమ్, ఇంకా బలంగా ఉంటుంది. కింద ఎండకి నేల వేడెక్కి గాలి పది, పన్నెండు వేల అడుగుల దాకా కలగలిసిపోతుంది. ఆ కలయికలో పై గాలి వేగం నేలకు దిగుతుంది. నాలుగైదు రోజులకో, వారానికో ఒక అల్పపీడనం నెవాడా మీదుగా దాటుతూ ఉంటుంది.

అది దాటే రోజు ఇలా నడుస్తుంది. ముందు రోజు అన్నిటికంటే వెచ్చగా, ఆకాశం తేటగా ఉంటుంది. "ఎంత బాగుందో" అనిపించే ఆ రోజే అసలు హెచ్చరిక. దాటే రోజు ఉదయం తొమ్మిది దాకా గాలి అంతగా ఉండదు. పది, పదకొండుకి రాత్రి చల్లదనం పొర విడిపోగానే నైరుతి నుంచి మొదలవుతుంది. రెండు నుంచి అయిదు మధ్య గంటకి 40, 50 మైళ్ల ఈదురు. ఎర్రమట్టి లేచి ఎదుటి కొండలు మసకబారతాయి. సాయంత్రానికి గాలి ఒక్కసారి వాయవ్యానికి తిరుగుతుంది. గంటా రెండు గంటల్లో ఉష్ణోగ్రత 20 డిగ్రీల దాకా పడిపోతుంది. పొద్దున్న 9,000 అడుగుల పైన ఉన్న మంచు మట్టం (ఆ ఎత్తు నుంచి పైన వానకి బదులు మంచు పడుతుంది) రాత్రికి 5,000కి దిగుతుంది. అప్పుడు జయాన్‌లో సన్నటి వాన పడుతుంటే, గంటన్నర దూరంలోని బ్రైస్‌లో ఆరంగుళాల మంచు ఉండొచ్చు. మర్నాడు చల్లగా ఉండి కాస్త గాలి వీస్తుంది. ఆ తర్వాతి రెండు రోజులు ఆకాశం కడిగినట్టుండి గాలి లేకుండా, ఈ ప్రాంతంలో దొరికే అత్యుత్తమమైన రోజులు. ఫ్రంట్ (ఆ చల్లగాలి ముందంచు) దాటిన రెండో రోజు బ్రైస్ పెట్టుకుంటే ఎర్రటి రాతి స్తంభాల మీద తెల్లటి మంచుతో చూస్తారు. తేదీలు ముందే బుక్ చేసినా బ్రైస్ రోజుని మాత్రం అటూ ఇటూ జరుపుకునేలా ఉంచుకోండి. బసకి 5,000 అడుగుల్లో ఉన్న కనాబ్ అందుకు పనికొస్తుంది. అక్కడి నుంచి జయాన్‌కీ బ్రైస్‌కీ రెండింటికీ ఒక్క రోజులో వెళ్లి రావచ్చు.

గాలి రోజున కారు తలుపులు జాగ్రత్త. 45 మైళ్ల ఈదురులో తలుపు తీస్తే చేతిలోంచి లాక్కుని కీలు వంగేదాకా తెరుచుకుంటుంది. కారు ముఖం గాలికి ఎదురుగా ఉండేలా ఆపి, ఒక్కొక్కరే, చేత్తో పట్టుకుని తీయాలి. పెద్దవాళ్లని ముందే హెచ్చరించండి. లుకౌట్ అంచుల దగ్గర ఇనుప కంచె లేని చోట్లు చాలా ఉన్నాయి. అలాంటి రోజు అంచుకి ఆరడుగుల దూరంలోనే ఆగిపోవాలి. మోయాబ్ ఇసుకలో మామూలు టెంటు మేకులు నిలవవు. మేకుకి బదులు సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి పాతాలి.

డ్రైవింగులో ప్రమాదం దుమ్ము. ఫీనిక్స్, టూసాన్ మధ్య ఐ-10, నవాహో ఆదివాసుల నేల మీదుగా పోయే హైవేలు ఇందుకు పేరుమోసినవి. ఎదురుగా దుమ్ము గోడ కనిపిస్తే దూరకుండా ముందున్న ఎగ్జిట్ తీసుకోండి. ఇరుక్కుపోతే అరిజోనా రవాణా శాఖ చెప్పే పద్ధతి ఒక్కటే పాటించాలి. రోడ్డు అంచుని, అంటే తారు కూడా వదిలి వీలైనంత పక్కకి దిగండి. ఇంజను ఆపి, హజార్డ్ లైట్లతో సహా అన్ని లైట్లూ ఆర్పేయండి. పార్కింగ్ బ్రేక్ వేసి, కాలు బ్రేకు మీంచి తీసేయండి. సీటు బెల్టులు విప్పకూడదు. లైట్లు ఎందుకు ఆర్పాలన్నదే చాలామందికి మింగుడుపడదు. వెనక వచ్చేవాడికి రోడ్డు కనపడదు, మీ ఎర్ర లైటు ఒక్కటే కనపడుతుంది. ముందు కారు రోడ్డు మీదే పోతోందనుకుని దాని వెంటే వచ్చి గుద్దుతాడు. కాలు బ్రేకు మీదుంటే బ్రేకు లైటు వెలుగుతూనే ఉంటుంది.

అడవి మంటల్ని చెలరేగించేదీ ఈ గాలే. 2022 ఏప్రిల్లో ఫ్లాగ్‌స్టాఫ్ పక్కన టన్నెల్ ఫైర్, న్యూ మెక్సికోలో హెర్మిట్స్ పీక్ మంట రెండూ వసంతపు గాలికి చెలరేగినవే. రెండోది ఆ రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్దది, మూడు లక్షల ఎకరాలు దాటింది. రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ (మంటలు వేగంగా వ్యాపించే రోజని హెచ్చరిక) ఉన్న రోజు చలిమంట వేయొద్దు, కారుని ఎండుగడ్డి మీద ఆపొద్దు.

రోడ్ల విషయానికొస్తే, ఐ-17, ఐ-40, హైవే 89 మీద మంచు పడినా గంటల్లో తీసేస్తారు. ఇబ్బంది బ్రైస్ నుంచి మోయాబ్ వెళ్లే రోజున. అందమైన దారి హైవే 12, కానీ అది బౌల్డర్ మౌంటెన్ మీద 9,600 అడుగులకి ఎక్కుతుంది. ఏప్రిల్లో అక్కడ కొత్త మంచు మామూలే. తుఫాను రోజైతే 12 మీద పడమటికి వెళ్లి 89 అందుకుని ఐ-70 ఎక్కండి. దూరం ఎక్కువైనా మంచు తీసే బళ్లు తిరుగుతాయి. ఒక్క జాగ్రత్త, ఆ దారిలోని సలైనా ఊరు దాటాక గ్రీన్ రివర్ దాకా వంద మైళ్ల పైన ఒక్క గ్యాస్ స్టేషన్ ఉండదు. ట్యాంకు సలైనాలో నింపుకోవాలి.

మట్టి రోడ్లు వేరే కథ. హౌస్ రాక్ వ్యాలీ రోడ్, కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్ పొడిగా ఉన్నప్పుడు చిన్న కారు కూడా వెళ్లిపోతుంది. ఆ మట్టిలో బెంటనైట్ బంకమన్ను ఉంటుంది. పావు అంగుళం వాన పడితే పైపొర సబ్బులా జారుతుంది. నాలుగు గజాలు పోయేసరికి బంక టైరు గాడులన్నిటినీ పూడ్చి చక్రం నున్నటి ఉండలా తయారవుతుంది, మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుని చక్రం తిరగడమే మానేస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ దీనికి మందు కాదు. ఎండ కాసి ఆరేదాకా ఒక రోజో రెండు రోజులో ఆగడమే దారి. అద్దె కారైతే ఒప్పందంలో మట్టి రోడ్లు నిషేధమని రాసి ఉంటుంది, టో బండి ఖర్చంతా మీదే.

జయాన్‌లో నదిలో నడిచే నారోస్ గురించి కూడా రాశారు. ఏప్రిల్లో దానిమీద ఆశ పెట్టుకోవద్దు. వర్జిన్ నది ప్రవాహం సెకనుకి 150 ఘనపుటడుగులు దాటితే పార్కువాళ్లు మూసేస్తారు. పైన తొమ్మిది, పది వేల అడుగుల పీఠభూమి మీద మంచు కరిగే మార్చి-జూన్ మధ్య అది చాలా రోజులు దాటే ఉంటుంది. తెరిచి ఉన్నా ఆ నీళ్లు మంచు నీళ్లే, నీళ్లు లోపలికి రానివ్వని డ్రై సూట్ లేకుండా దిగే పని కాదు. ముందుగా అంచనా వేయాలంటే సీడర్ బ్రేక్స్ దగ్గర 9,800 అడుగుల ఎత్తులో ఉన్న మిడ్‌వే వ్యాలీ స్నోటెల్ (కొండ మంచుని తనంతట తానే కొలిచే) కేంద్రం లెక్క చూడండి. మంచు ఎంత లోతుందన్నది వదిలేసి, అందులో ఎన్ని అంగుళాల నీరుందో ఆ గీతని చూడండి. గీత నిటారుగా పడిపోతుంటే నది పొంగుతున్నట్టే. "సాధారణంలో ఇంత శాతం" అన్న అంకెని మార్చి దాకానే పట్టించుకోండి. వసంతం ముదిరాక సాధారణం సున్నాకి దగ్గరవుతుంది కాబట్టి, కొండ మీద కాస్త మంచు మిగిలినా 300 శాతం అని చూపిస్తుంది.

మంచుకీ నీటికీ మధ్య లెక్క కూడా నేరుగా ఉండదు. 2021లో కొలరాడో ఎగువ కొండల మీద మంచు మామూలుకి కొంచెమే తక్కువ. కానీ ఏప్రిల్-జూలైలో లేక్ పావెల్‌కి చేరిన నీరు సగటులో మూడో వంతు కూడా లేదు. ముందటి ఏడాది ఎండకి నోరెళ్లబెట్టిన నేల కరిగిన నీటిని ముందు తానే తాగేసింది. మీరు పేజ్‌లో చూడబోయే జలాశయం అదే. ఫీనిక్స్‌లో మీ ఇంటి కుళాయికి కొలరాడో నీరు వచ్చేది 336 మైళ్ల కాలువలో. మూడు నెలల ఔట్‌లుక్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి లెక్కలకి: జలాశయాలు నడిపేవాళ్లకి, అగ్నిమాపక దళాలని ముందుగా ఎక్కడ మోహరించాలో చూసుకునేవాళ్లకి. వాళ్లు వందల చోట్ల, పదుల ఏళ్లు పందెం కాస్తారు కాబట్టి 45 శాతం మొగ్గు కూడా వాళ్లకి లాభమే. మీది ఒక్క వారం.

మరి మీరు చూడాల్సింది ఏమిటంటే, పది రోజుల ముందు 8-14 రోజుల ఔట్‌లుక్ చూసి చల్లటి వారమా, వెచ్చటి వారమా అన్నది మాత్రం పట్టుకోండి. ఫోనులోని యాప్ పదో రోజున చూపించే మబ్బు బొమ్మని నమ్మొద్దు. అయిదు రోజుల ముందు నేషనల్ వెదర్ సర్వీస్ సైట్లో ఊరి పేరు కొట్టకుండా మ్యాపు మీద మీరు నిలబడబోయే చోటునే నొక్కండి. పక్కన ఆ చోటి ఎత్తు ఎన్ని అడుగులో రాసి ఉంటుంది, అది సరిపోలిందో లేదో చూడండి. లోయలో నొక్కితే లోయ అంచనా, అంచు మీద నొక్కితే అంచుది వస్తుంది. ఆ పేజీలోనే అడుగున ఫోర్‌కాస్ట్ డిస్కషన్ అని ఉంటుంది. అంచనా వేసినవాళ్లు దేని మీద నమ్మకం ఉందో, దేని మీద లేదో మామూలు మాటల్లో రాస్తారు. ఫ్రంట్ ఏ పూట దాటుతుందో, మంచు మట్టం ఎంత ఎత్తుకి దిగుతుందో అందులోనే దొరుకుతుంది. గ్రాండ్ కాన్యన్, పేజ్ ఫ్లాగ్‌స్టాఫ్ కార్యాలయం కిందికి, జయాన్, బ్రైస్ సాల్ట్ లేక్ సిటీ కిందికి, మోయాబ్ గ్రాండ్ జంక్షన్ కిందికి వస్తాయి. మూడూ చదవండి. విండ్ అడ్వైజరీ అంటే జాగ్రత్తగా వెళ్లొచ్చు. హై విండ్ వార్నింగ్ అంటే ఈదురు 58 మైళ్లు దాటుతుందని. ఆ రోజు ప్రయాణం ఉదయం పదిలోపు ముగించండి, లేదా మానుకోండి.

అమ్మానాన్నల విషయం. గుంటూరు ఎండల్లో, విశాఖ ఉక్కలో బతికినవాళ్లకి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఒక లెక్క కాదనిపిస్తుంది. ఇక్కడ గాలిలో తేమ పది, పదిహేను శాతమే. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఒళ్లు తడవదు, దాహం తెలియదు, నీరు మాత్రం పోతూనే ఉంటుంది. మనిషికి రోజుకి ఒక గాలన్ నీళ్లు కారులో ఉండాలి. ఉత్త నీళ్లే తాగకుండా ఉప్పు వేసిన మజ్జిగో, ఏదైనా ఉప్పటి చిరుతిండో తోడుగా ఉండాలి. బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లయితే బయల్దేరే ముందే డాక్టరుని అడగండి. బ్రైస్‌లో 8,000 అడుగుల మీద నాలుగు మెట్లెక్కితే ఆయాసం సహజం, మొదటి రోజు మెల్లగా నడిపించండి. చలికి ఒక్క లావుపాటి కోటు కంటే మూడు పొరలు మేలు: లోపల పల్చటిది, మధ్యలో ఉన్ని స్వెట్టర్, పైన గాలి దూరని జాకెట్. చెవులు కప్పే టోపీ తప్పనిసరి. చీరలో ఉంటే లోపల థర్మల్ ప్యాంటు వేసుకోమనండి, గాలి రోజున చాలా తేడా తెలుస్తుంది. సౌత్ రిమ్ నుంచి కిందికి దిగే బ్రైట్ ఏంజెల్ బాటలో పై భాగం నీడలో ఉండి ఏప్రిల్ మొదట్లో కూడా గాజులాంటి మంచు మిగిలి ఉండొచ్చు. బూట్లకి తొడిగే మైక్రోస్పైక్స్ లేకుండా దిగొద్దు. బ్రైస్‌లో నవాహో లూప్‌లోని వాల్ స్ట్రీట్ వైపు శీతాకాలం నుంచి మూసే ఉంటుంది, టూ బ్రిడ్జెస్ వైపు నుంచి వెళ్లాలి.

ఎడారి పూల గురించి అడిగిన మాటకి: సెప్టెంబరు-అక్టోబరు నుంచి నెలకో మంచి వాన పడి ఉంటేనే పూస్తాయి. మార్చిలో కురిసే వాన ఆ ఏడు పూలకి ఆలస్యం. ఏప్రిల్ రెండో వారానికి ఫీనిక్స్ చుట్టూ నేల మీది పసుపు పాపీలు అయిపోవస్తాయి, పాలో వెర్డే చెట్లు మాత్రం పసుపు రంగులో పూసి ఉంటాయి.

గాలిని బట్టి పొద్దున్నే పనులు ముగించుకోవాలి కాబట్టి గడియారం సంగతి కూడా. మార్చి రెండో ఆదివారం నుంచి యూటా గంట ముందుకి జరుగుతుంది, అరిజోనా జరగదు, కానీ అరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్ జరుగుతుంది. పేజ్ ఊరు అరిజోనా సమయమే పాటిస్తుంది. అక్కడ ఫోను ఏ టవర్ పట్టుకుంటే ఆ సమయం చూపిస్తుంది. పేజ్ పక్కన నవాహో నేల మీదున్న యాంటెలోప్ కాన్యన్ టూర్ టికెట్ మీద ఏ సమయం రాశారో టూరు నడిపేవాళ్లకే ఫోను చేసి అడిగి, ఫోను గడియారాన్ని ఫీనిక్స్ సమయానికి మీరే పెట్టేసుకోండి.